నెలలు నిండని శిశువు – తల్లి ఎద

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గాని, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదని మన పల్లెలలో పెద్దలు చెబుతూ ఉంటారు. ఈ నమ్మకం మన సీమకు మాత్రమే చెందినది కాదు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపొక్రటీస్ పేరిట ప్రచారంలో ఉన్న గ్రంథాలలో ఎనిమిదవ నెల శిశువును గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే ఉన్నది. అంత దూరం నుండి, అన్ని శతాబ్దాలు నిలిచి వచ్చిన మాట నిజమై ఉండాలని అనుకోవడం సహజమే. కాని అది నిజం కాదు. గర్భంలో గడిపిన ప్రతి వారమూ శిశువుకు లాభమే. ఏడవ నెల బిడ్డ కంటే ఎనిమిదవ నెల బిడ్డ బతికే అవకాశం ఎక్కువ. ఈ నమ్మకం చేసే చేటు ఒక్కటే: ఎనిమిదవ నెలలో కాన్పు కాగానే ఇంటివారు ముందే ఆశ వదలుకొని, బిడ్డను ఆసుపత్రికి తీసుకొనిపోవడానికి తటపటాయిస్తారు. ఆ గడియలే బిడ్డకు ప్రాణాధారం.

వైద్యులు నెలలతో కాక వారాలతో లెక్క వేస్తారు. నిండు గర్భం నలభై వారాలు. 37 వారాలు నిండక ముందు పుట్టిన శిశువును నెలలు నిండని శిశువని, 32 వారాల లోపు పుడితే మరీ ముందుగా పుట్టినదని, 28 వారాల లోపు అయితే అత్యంత అపరిపక్వమని అంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు ఈ విధంగా నెలలు నిండక పుట్టినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలైన సంస్థలు 2023లో వెలువరించిన నివేదికలో ఉన్నది. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశపు బిడ్డలే. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

మన అనంతపురం పీఠభూమి సంగతి వేరే చెప్పనక్కర లేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేరుశనగ ఊడలు దిగే వేళకు కురవదు, కురిసినప్పుడు అక్కర ఉండదు. పంట పోయిన ఏడు కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని బెంగుళూరు కట్టడాల పనికి పోవడం మనమందరం ఎరిగినదే. ఆ మూటలు మోసేవారిలో గర్భిణులూ ఉంటారు. కాన్పు ముందుగా రావడానికి కారణాలు అనేకం: రక్తహీనత, అధిక రక్తపోటు, మూత్రనాళంలోనో గర్భాశయంలోనో సోకిన అంటు, కవల గర్భం, ఒక కాన్పుకూ మరొక కాన్పుకూ నడుమ ఎడం చాలకపోవడం, పద్దెనిమిదేళ్లు నిండక ముందే పెళ్లి. ఎండ తీవ్రతకూ ముందస్తు కాన్పుకూ సంబంధం ఉన్నదని పలు దేశాలలో జరిగిన పరిశీలనలు తెలుపుతున్నవి. వీటిలో మన కరవు నేలకు పరిచయం లేనిది ఏదీ లేదు. అయితే ఈ వ్యాసంలో మేము కారణాల జోలికి ఎక్కువగా పోదలచలేదు. బిడ్డ పుట్టి, ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో చేరిన తరువాత ఏమి జరుగుతున్నది, ఏమి జరగవలసి ఉన్నది అన్నదే మా విషయం.

‘బిడ్డను బాక్సులో పెట్టినారు’ అని మన జనం చెప్పుకొనే ఆ పెట్టెకు ఇన్‌క్యుబేటర్ అని పేరు. దాని పుట్టుక చిత్రమైనది. పారిస్ నగరపు ప్రసూతి వైద్యుడు స్తెఫాన్ తార్నియే అక్కడి జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లను పొదిగించే వెచ్చని పెట్టెను చూచి, అటువంటిదే శిశువులకు చేయించి 1880 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చినాడు. కోడి పొదుగు మనిషి బిడ్డను కాపాడినదన్నమాట. వెచ్చదనం లేక చనిపోయే శిశువులు చాలమంది దానితో బతికినారు. నడివేసవిలో మన ఊళ్లలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు కూడా తడి ఒంటి పసికందు చల్లబడుతుంది. చర్మం కింద కొవ్వు లేదు, ఒంటి బరువుకు మించిన చర్మ వైశాల్యం ఉన్నది, వణికి వేడి పుట్టించుకొనే శక్తి లేదు. అందుకే పుట్టిన వెంటనే తుడిచి పొడిబట్టలో చుట్టమని, స్నానం కొన్నాళ్లు ఆపమని వైద్యులు పదేపదే చెబుతున్నారు. మన మంత్రసానుల నలుగుస్నానం నిండు నెలల బిడ్డకు ఏమో గాని, కిలోన్నర బిడ్డకు తగదు.

ఆ తరువాత శతాబ్ద కాలంలో వైద్యశాస్త్రం ఒక్కొక్క చిక్కునే విప్పుకొంటూ వచ్చినది. 1972లో న్యూజిలాండులో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు వైద్యులు, ముందస్తు కాన్పు రాబోతున్న తల్లికి స్టెరాయిడ్ సూది ఇస్తే గర్భంలోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని నిరూపించినారు. 1980లో జపానులో ఫుజివారా ఊపిరితిత్తుల లోపలి గాలిగదులు అతుక్కొనిపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని బయటినుండి ఇచ్చి చూపినాడు. వీటి ఫలితంగా కిలో బరువు బిడ్డ కూడా బతుకుతున్నది. మన దేశంలో పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో వెలసిన నవజాత శిశు విభాగాన్ని మాదిరిగా తీసుకొని దేశమంతటా జిల్లా ఆసుపత్రులలో ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగాలు ఏర్పడినవి. ఇవి నేడు వెయ్యికి పైబడినవి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో అటువంటి విభాగమున్నది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి బత్తలపల్లి ఆసుపత్రిలోనూ నవజాత శిశువుల తీవ్ర చికిత్సా విభాగం ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైనప్పుడు బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది గాని, బిడ్డలను ఎత్తుకొని పోయే తల్లిదండ్రులకు ఆ సరిహద్దుతో పని లేదు.

ఇంతవరకు ‘బతుకుతుందా?’ అన్న ప్రశ్న. ఇక రెండవ ప్రశ్న ఉన్నది. అది ‘బతికి ఎట్లా ఉంటుంది?’ అన్నది. ఈ ప్రశ్నను లోకం చాలకాలం అడగలేదు.

35వ వారంలో శిశువు మెదడు బరువు నిండు నెలల నాటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. అనగా చివరి అయిదారు వారాలలోనే మూడవ వంతు పెరుగుతున్నదన్నమాట. మెదడు ముడతలు పడడం, నరాలు ఒకదానితో ఒకటి ముడివడడం అప్పుడే ముమ్మరంగా జరుగుతుంది. నిండు నెలల బిడ్డకు ఈ పని చీకటిలో, వెచ్చని నీటిలో, తల్లి గుండె చప్పుడు వింటూ, చేతులు కాళ్లు ముడుచుకొని నిద్రపోతూ జరుగుతుంది. ముందుగా పుట్టిన బిడ్డకు అదే పని రేయింబవళ్లు వెలిగే విద్యుద్దీపాల కింద, యంత్రాల మోత నడుమ, సూదిపోట్ల మధ్య జరుగుతున్నది. కట్టుతున్న గోడ మీద అదే సమయంలో వాన కురిసినట్లు. కనుక ఆ వార్డు కేవలం చికిత్సాస్థలం కాదు. ఆ కొన్ని వారాలూ అదే బిడ్డకు గర్భాశయం. అక్కడి వెలుతురు, చప్పుడు, స్పర్శ, నొప్పి, నిద్ర, వాసన అన్నీ మెదడు నిర్మాణంలో చేరే సరుకులే.

నొప్పి విషయమే తీసుకొందాం. 1980ల నడుమ వరకు పసికందులకు నొప్పి తెలియదని వైద్యులలో చాలమంది విశ్వసించినారు. తగినంత మత్తుమందు లేకుండానే శస్త్రచికిత్సలు చేసేవారు. ఇండోరులో వైద్యవిద్య ముగించుకొని ఆక్స్‌ఫర్డుకు పోయిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ అనే మన దేశీయుడు, ఆయన సహచరులు 1987లో ప్రకటించిన పరిశోధనలు ఈ భ్రమను తొలగించినవి. నొప్పికి మందు ఇవ్వని శిశువుల శరీరం ఎంతగా అల్లకల్లోలమవుతున్నదో రక్తపరీక్షలతో చూపి, మందు ఇచ్చినప్పుడు శస్త్రచికిత్స తరువాతి చిక్కులు తగ్గినవని నిరూపించినారు. మాట రాని ప్రాణి బాధను గుర్తించడానికి శాస్త్రానికి ఇంత కాలం పట్టినది. ఏ తల్లిని అడిగినా ఒక్క క్షణంలో చెప్పేది గదా అని మాకు అనిపిస్తుంది. నేడు మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు నాలుక మీద రెండు చుక్కల చనుబాలో చక్కెర నీళ్లో వేయడం, తల్లి గుండెలకు ఆనించి ఉంచడం, చేతులు రెండూ దగ్గరకు చేర్చి పట్టుకోవడం నొప్పిని తగ్గిస్తాయని రుజువైనది.

అమెరికాలోని బోస్టన్ నగరంలో హైడెలిసా ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో మరొక మెట్టు పైకి పోయినది. నెలలు నిండని శిశువు మాట్లాడుతూనే ఉన్నదని, మనమే వినడం లేదని ఆమె వాదం. ఆ భాషలోని అక్షరాలు కొన్ని మన పాఠకులు నేర్చుకోదగినవి. వేళ్లు విప్పారి చేయి అడ్డుగా చాచడం, వీపు వెనుకకు విల్లులా వంచడం, ఆవులింత, ఎక్కిళ్లు, మొగం రంగు మారడం, చూపు తప్పించడం, ఇవి ‘చాలు, ఆపండి’ అనే సంకేతాలు. చేయి నోటి దగ్గరకు చేర్చుకోవడం, కాళ్లు ముడుచుకోవడం, గుప్పిట పట్టడం, నుదురు సడలడం, ఇవి ‘కుదురుగా ఉన్నాను’ అని చెప్పే సంకేతాలు. నర్సు గాని తల్లి గాని ఈ సంకేతాలను చూచి తమ పనిని ఆపడమో కొనసాగించడమో చేయాలి. బట్టను చుట్టగా చుట్టి శిశువు చుట్టూ పిచ్చుక గూడులా అమర్చితే కాళ్లు చేతులు వాలిపోకుండా గర్భంలోని భంగిమ నిలుస్తుంది. పెట్టె మీద మందపాటి గుడ్డ కప్పితే కళ్లకు విశ్రాంతి. మందు, పరీక్ష, గుడ్డ మార్పు వేర్వేరు వేళల్లో నాలుగుసార్లు లేపి చేయడం కంటే ఒక్కసారిగా చేసి, తక్కిన సమయం నిద్రపోనివ్వాలి.

ఇక చప్పుడు. నవజాత శిశు విభాగంలో శబ్దం 45 డెసిబెల్స్ మించరాదని నిపుణుల సూచన. అది ఇద్దరు మెల్లగా మాట్లాడుకొనే స్థాయికంటే కూడా తక్కువ. పెట్టె తలుపు విసురుగా వేసినా, దాని పైకప్పు మీద వేళ్లతో తట్టినా లోపలి శిశువుకు అది పిడుగుపాటే. ఆ పైకప్పును బల్లగా భావించి కాగితాలు పెట్టి రాయడం, మందు సీసాలు టక్కున పెట్టడం మన ఆసుపత్రులలో సామాన్య దృశ్యం. అయితే చప్పుడు వద్దంటే స్వరం వద్దని కాదు. బిడ్డకు ఆరవ నెల దాటిన నాటినుండి వినికిడి ఉంటుంది. తల్లి గొంతును గుర్తించడం గర్భంలోనే ఆరంభమవుతుంది. బిడ్డ పుట్టగానే చెవిలో మెల్లగా అజాన్ వినిపించడం ముస్లిముల ఇళ్లలో, నామకరణంనాడు చెవిలో పేరు చెప్పడం హిందువుల ఇళ్లలో ఆచారం. రెంటిలోనూ గొంతు తగ్గించి, చెవి దగ్గరగా, ఒక్కరే పలకడం ఉన్నది. శిశు వికాస నిపుణులు కోరేదీ అదే. తెలుగు జోలపాట అయినా, ఉర్దూ లోరీ అయినా, మడకశిర వైపు కన్నడ లాలి అయినా సరే, వింటున్నది తల్లి గొంతు కావాలి.

కాని ఆ తల్లి ఎక్కడ ఉన్నది? మా అభిప్రాయంలో ఈ విషయమంతటికీ కీలకం ఈ ప్రశ్నే.

కల్యాణదుర్గం వైపో రాయదుర్గం వైపో ఒక పల్లెలో కాన్పు కష్టమై, చిన్న ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరుగుతుంది. బిడ్డ కిలోన్నర. 108 వాహనంలో బిడ్డను పెద్ద ఆసుపత్రికి పంపుతారు, వెంట తండ్రో అమ్మమ్మో పోతుంది. కుట్లు పచ్చిగా ఉన్న తల్లి వెనుక నిలిచిపోతుంది. అయిదారు రోజులకు ఆమె వచ్చేసరికి చనుబాలు సన్నగిల్లి ఉంటాయి. వార్డు తలుపు దగ్గర ‘లోపలికి రాకూడదు, అంటు సోకుతుంది’ అంటారు. మా బంధువర్గంలోని ఒక ఇల్లాలు తన 31 వారాల బిడ్డను పందొమ్మిది రోజులు అద్దంలోనుండి చూచినది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అప్రస్తుతం. ఇరవయ్యవ రోజున చేతికిచ్చినప్పుడు ఎత్తుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు. పగిలే వస్తువును పట్టుకొన్నట్లు పట్టుకొన్నది. పాలు అప్పటికి ఎండిపోయినవి. డబ్బా పాలు తాగిన ఆ బిడ్డకు నెల తిరగకముందే విరేచనాలు పట్టుకొని మళ్లీ ఆసుపత్రి పాలైనది. ఆ ఆసుపత్రివారిని మేము తప్పుపట్టడం లేదు. వారు నేర్చుకొన్న శాస్త్రం అదే. ఆ శాస్త్రం మారినది, తలుపులు ఇంకా మారవలసి ఉన్నది.

మార్పు సంపన్న దేశాలనుండి రాలేదన్నది విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగిన సంగతి. దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగొటాలో ఒక ప్రసూతి ఆసుపత్రి ఉండేది. అక్కడ ఒక్కొక్క ఇన్‌క్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు శిశువులను పెట్టవలసిన దుస్థితి. ఒకరినుండి ఒకరికి అంటు సోకి శిశువులు చనిపోయేవారు. 1978లో ఎద్గార్ రేయ్ అనే వైద్యుడు, తరువాత ఆయనతో కూడిన హెక్తోర్ మార్తినెస్, యంత్రం లేకపోతే తల్లి ఉన్నది గదా అని, బిడ్డను తల్లి రొమ్ముల నడుమ ఒంటికి ఒళ్లు ఆనేట్లు నిలువుగా కట్టి ఉంచే పద్ధతి ఆరంభించినారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్లు ఉంటుంది గనుక దానికి ‘కంగారూ మాతృ సంరక్షణ’ అని పేరు వచ్చినది. ఇంచుమించు అదే కాలంలో, 1979లో, అప్పటి సోవియట్ రాజ్యంలోని ఎస్టోనియాలో తాలిన్ నగరపు వైద్యుడు ఆదిక్ లెవిన్ తగినంతమంది నర్సులు దొరకక, తల్లులనే వార్డులోనికి పిలిచి రాత్రింబవళ్లు బిడ్డల సేవను వారికి అప్పగించినాడు. ఒకచోట పెట్టెలు చాలలేదు, మరొకచోట చేతులు చాలలేదు. లేమి వల్ల చేసిన పని మేలైన పనిగా తేలినది. కరవు సీమలో పుట్టినవారికి ఇందులో కొంత ధైర్యం ఉన్నది.

మొదట దీనిని పేదల ఉపాయంగా మాత్రమే చూచినారు. బిడ్డ కుదుటపడిన తరువాతనే, రోజుకు గంటో రెండు గంటలో ఇచ్చేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోను, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రులలోను జరిగిన పెద్ద పరిశోధన 2021లో వెలువడినది. కిలో మొదలు 1800 గ్రాముల లోపు బరువున్న 3,211 మంది శిశువులను రెండు వర్గాలు చేసినారు. ఒక వర్గానికి పుట్టిన వెంటనే, ఇంకా కుదుటపడక ముందే, తీవ్ర చికిత్సా విభాగంలోనే తల్లి ఎదపై ఉంచే ఏర్పాటు. వారి విభాగంలో తల్లికీ మంచం ఉన్నది. ఆ బిడ్డలు రోజుకు సుమారు 17 గంటలు తల్లి ఒంటిమీద గడిపినారు. రెండవ వర్గానికి ఆ విభాగంలో ఉన్నంతకాలం దక్కినది గంటన్నర మాత్రమే. మొదటి వర్గంలో 28 రోజుల లోపు మరణించినవారు నూటికి 12 మంది. రెండవ వర్గంలో నూటికి 15.7. అంటే మరణాలలో నాలుగవ వంతు తగ్గినవి. తేడా ఇంత స్పష్టంగా కనబడిన తరువాత, తక్కిన శిశువులకు ఆ మేలు నిరాకరించడం అన్యాయమని పరిశోధనను నడుమనే ఆపివేసినారు. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సులను మార్చి, నెలలు నిండని, బరువు తక్కువ శిశువులందరికీ పుట్టిన వెంటనే ఈ సంరక్షణ ఆరంభించి రోజుకు 8 మొదలు 24 గంటల వరకు సాగించమని చెప్పినది. మన కేంద్ర ఆరోగ్యశాఖ అంతకు ముందే, 2017లో, ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి అనుభవాన్ని ఆధారం చేసుకొని ‘కుటుంబ భాగస్వామ్య సంరక్షణ’ అనే మార్గదర్శకాలు ప్రకటించి ఉన్నది. తల్లిదండ్రులు చేతులు కడుక్కొని, శుభ్రమైన బట్టలు కట్టుకొని లోపలికి వచ్చి సేవ చేయవచ్చునని వాటి సారాంశం. కాబట్టి తలుపు దగ్గర నిలిపివేసినప్పుడు, ‘మేము లోపలికి ఎప్పుడు రావచ్చు, బిడ్డను ఎప్పుడు ఎదపై వేసుకోవచ్చు?’ అని వినయంగా అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉన్నది. తండ్రి ఎద కూడా పనికివస్తుంది. మన మగవారు సిగ్గుపడతారు గాని, బిడ్డకు ఆ భేదం తెలియదు.

దీర్ఘకాల ఫలితం మాటేమిటి? బొగొటాలో ఈ పద్ధతిలో పెరిగిన శిశువులను ఇరవై ఏళ్ల తరువాత వెదకి పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించినారు. తల్లి ఎదపై పెరిగినవారిలో బడి మానడం, దుడుకుతనం తక్కువగా కనిపించినవి. మెదడులోని కొన్ని భాగాలు పెద్దవిగా ఉన్నవి.

పాల సంగతి వేరే చెప్పాలి. 34 వారాలకు ముందు పుట్టిన శిశువుకు చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం మూడూ ఒక లయలో కుదరవు. అందుచేత సన్నని గొట్టం ద్వారా పాలు పోస్తారు. ఆ పాలు తల్లివి కావడానికి, కాన్పైన కొద్ది గంటలలోనే చేతితో పిండడం మొదలుపెట్టి రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా, పిండుతూ ఉండాలి. తొలి రోజు చెంచాడు కూడా రావు. ‘నాకు పాలు లేవు’ అని తల్లి, ‘దీనికి పాలు పడలేదు’ అని అత్త తీర్మానించేది అప్పుడే. ఆ చెంచాలో సగమే ఆ రోజుకు బిడ్డ కడుపుకు చాలును. గొట్టంతో పాలు పోసే వేళ బిడ్డ తల్లి ఒడిలో ఉంటే, పాల వాసన తగిలితే, చప్పరింపు త్వరగా నేర్చుకొంటుంది.

తల్లిపాలు అందనప్పుడు దాత పాలు రెండవ మేలు. ఆసియాలో మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో ఏర్పడినది. 2017లో హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ అనే బ్యాంకు వెలసినది. 1949లో తన పరిచారిక కాన్పులో మరణించినందుకు కలత చెందిన యువరాణి నీలోఫర్ పూనికతో కట్టిన ఆసుపత్రి అది, 1953లో తెరచినారు. ఇక్కడ మన పాఠకులకు ఒక సందేహం రావచ్చు. ఇస్లాం ధర్మశాస్త్రంలో పాలిచ్చిన తల్లి తల్లి అవుతుంది, ఆమె పిల్లలతో వివాహం నిషిద్ధమవుతుంది. ఎవరి పాలో తెలియని బ్యాంకు పాలతో ఈ సంబంధం ఏమవుతుంది? 1985లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ పాల బ్యాంకులకు వ్యతిరేకంగా తీర్పు చెప్పినది. 2004లో యూరోపియన్ ఫత్వా మండలి, నెలలు నిండని శిశువుల అవసరాన్ని గుర్తించి అనుమతించినది. విద్వాంసుల మధ్య చర్చ ముగియలేదు. తల్లి పాలను మొదటి రోజునుండి కాపాడుకొంటే చాలమందికి ఈ చిక్కు ఎదురే కాదని మాత్రం మేము అనగలము.

కన్ను విషయం ఉపేక్షింపరానిది. 1940లలోను, 1950ల ఆరంభంలోను ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన పాశ్చాత్య దేశాలలో సుమారు పదివేల మంది శిశువులు చూపు కోల్పోయినారు. 1950లో పుట్టిన అమెరికా గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకడు. ప్రాణవాయువు తక్కువైతే ప్రాణం, ఎక్కువైతే కన్ను. అపరిపక్వ నేత్రపటలంలో రక్తనాళాలు గతి తప్పి పెరగడం దీనికి కారణమని, సకాలంలో చూస్తే లేజర్‌తో ఆపవచ్చునని తరువాత తెలిసినది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్రా జలాలీ 1990ల చివరినుండి జంటనగరాల ఆసుపత్రులకు పోయి ఇటువంటి శిశువుల కళ్లు పరీక్షించే పని ఆరంభించినది. ఆమె ప్రచారంలోకి తెచ్చిన నినాదం ‘తీస్ దిన్ రోష్నీ కే’. వెలుగుకు ముప్పై దినాలు. పుట్టిన ముప్పై రోజులలోగా మొదటి పరీక్ష జరగాలి. మరీ చిన్న శిశువులకు రెండు మూడు వారాలకే. బయటి చూపుకు కన్ను మామూలుగానే కనబడుతుంది. ‘కళ్లు బాగానే ఉన్నవి గదా’ అని పోకుండా ఉండిపోయినవారి పిల్లలే చూపు పోగొట్టుకొన్నది.

వార్డులో నెలల తరబడి నిలవడానికి తల్లికి కావలసినవి పెద్ద యంత్రాలు కావు. పడుకొనడానికి మంచం, తినడానికి వేళకు అన్నం, పాలు పిండుకొనడానికి మరుగు, ఇంటి దగ్గర పెద్దబిడ్డను చూచేవారు. కూలి పోగొట్టుకొని మగడు పక్కన నిలవలేడు. అత్తగారు పెద్దబిడ్డను చూడనంటే తల్లి బస్సెక్కి పోతుంది, పెట్టెలోని బిడ్డ ఒంటరిదవుతుంది. అనంతపురంలో ఆసుపత్రికి ఆమడ దూరంలో లేని మన కళాశాల సేవాపథక విద్యార్థులు ఏటేటా రోడ్లు ఊడ్చే శిబిరాలు నడుపుతున్నారు. తల్లికి ఒక పూట అన్నం మోయడం, చదువురాని తండ్రికి ఆసుపత్రి కాగితాలు చదివి పెట్టడం, తెలుగు రాని ఉర్దూ ఇల్లాలికీ నర్సుకూ నడుమ మాట కలపడం అంతకంటే తక్కువ సేవ కాదని కళాశాల కమిటీవారికి మా విన్నపం.

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన తరువాత పని ముగియదు. 2011నుండి ఆశా కార్యకర్తలు నవజాత శిశువుల ఇళ్లకు వచ్చి బరువు, వెచ్చదనం, పాలు చూచే ఏర్పాటు ఉన్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడినవి. వినికిడి, చూపు, కండరాల బిగువు అక్కడ పరీక్షిస్తారు. లోపం ఆరు నెలలకు తెలిస్తే సరిదిద్దడానికి ఉండే అవకాశం ఆరేళ్లకు తెలిస్తే ఉండదు. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ నెలకొల్పిన శిశు వికాస కేంద్రంవారు, తల్లులకు ఇంట్లోనే చేయదగిన ఆటపాటల శిక్షణ ఇస్తే బరువు తక్కువ శిశువుల ఎదుగుదల మెరుగుపడుతుందని చూపినారు. దానికి బొమ్మలు కొననక్కర లేదు. మొగం దగ్గరగా పెట్టి మాట్లాడడం, గిలక మెల్లగా ఆడించి తల తిప్పించడం, మెలకువలో ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టడం చాలు.

చివరగా ఒక లెక్క. దీనిని తెలియక ఎందరో తల్లులు అనవసరంగా కుమిలిపోతున్నారు. నెలలు నిండని బిడ్డ వయస్సును రెండేళ్లు వచ్చేవరకు పుట్టిన తేదీనుండి కాక పుట్టవలసిన తేదీనుండి లెక్కించాలి. ఫిబ్రవరి నడుమ పుట్టవలసిన బిడ్డ డిసెంబరు నడుమ పుట్టినదనుకొందాం. జూన్ నడిమికి పక్కింటి ఆరు నెలల బిడ్డ ఆసరాతో కూర్చొంటుంటే, ఈ బిడ్డ అప్పుడే మెడ నిలుపుతూ ఉంటుంది. అది వెనుకబడడం కాదు. ఆ బిడ్డకు అప్పటికి ఆరు నెలలు కాదు, నాలుగు నెలలే. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.